బొమ్మను గూర్చిన చర్చ – బాలబాలికల ఆలోచనకు, వ్రాతకు తొలిమెట్టు

మన గ్రామ పాఠశాలలో ఐదవ తరగతి చదువుచున్న ఒక విద్యార్థిని పిలిచి పాఠ్యపుస్తకములోని పాఠమును చదువుమన్నచో, చదువు వచ్చినవాడు గడగడ చదివి వినిపించును. ప్రశ్నకు జవాబు వ్రాయుమన్నచో, నోటు పుస్తకములోని జవాబును వల్లించి అక్షరము పొల్లుపోకుండ వ్రాయును. కాని "మీ ఊరి చెరువును గురించి నీ సొంత మాటలలో ఐదు వాక్యములు వ్రాయుము" అన్నచో కలము ఆగిపోవును. ఆ బాలుడు చెరువును ఎరుగనివాడు కాడు. అందు ఈదినవాడే, గట్టుమీద గేదెలను తోలినవాడే. అయినను వ్రాయలేడు. చూచినదానిని గమనించుట, గమనించినదానిని మాటలో పెట్టుట, ఆ మాటకు కారణము చెప్పుట అను అభ్యాసము అతనికి ఎవరును చేయింపలేదు. లోపమంతయు అచ్చటనే యున్నది.

చదువుట కూడ రాని పిల్లల సంగతి ఇంకను విచారకరము. దేశమందలి గ్రామములలో పిల్లల చదువును పరీక్షించు అసర్ సంస్థవారి 2024 నివేదిక ప్రకారము, ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి స్థాయి పాఠమును చదువగలిగినవారు సగముకంటె కొంచెము తక్కువగనే యున్నారు. అక్షరములు నేర్పవలసిన పని అక్షరములు నేర్పియే చేయవలెను. దానికి వేరు దారి లేదు. కాని అక్షరము నేర్చినవాడు ఆ అక్షరముతో ఏమి చేయవలెనో కూడ నేర్పవలెను గదా! ఈ రెండవ పనికి మిక్కిలి సులభమైన సాధనము ఒకటి కలదు. అది ఒక మంచి బొమ్మను పిల్లల ఎదుట పెట్టి, దానిని గూర్చి వారిచేత మాటలాడించుట.

"బొమ్మలకును పంచాయతీకిని సంబంధమేమి?" అని సభ్యులు అడుగవచ్చును. 1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. ప్రాథమిక, మాధ్యమిక విద్య, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు ఈ మూడును ఆ పట్టికలో నున్నవి. కావున పాఠశాల గోడకు సున్నము వేయించుటతో మన బాధ్యత తీరలేదు. ఆ గోడల నడుమ పిల్లలు ఏమి నేర్చుచున్నారో తెలిసికొనుటయు మన పనియే.

మూడు ప్రశ్నలు

బొమ్మను చూపి మాటలాడించుట క్రొత్త విషయము కాదు. కాని దానినొక పద్ధతిగా కుదిర్చినవారు అమెరికా దేశమున న్యూయార్కు నగరమందలి ఆధునిక కళా ప్రదర్శనశాలలో విద్యాశాఖ నిర్వహించిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు ఆబిగేల్ హౌసెన్ అనువారు. సందర్శకులకు తాము చెప్పుచున్న వివరణముల వలన ఎంత ప్రయోజనము కలుగుచున్నదో తెలిసికొనవలెనని ఆ ప్రదర్శనశాలవారు 1980ల చివరి భాగమున విచారణ చేసిరి. పండితులు ఎంత చక్కగా చెప్పినను, విన్నవారికి అందులో మిగిలినది బహు స్వల్పమని తేలినది. చెప్పుట వలన కాక, అడుగుట వలన మనిషి కన్ను తెరచునని గ్రహించి వారు మూడు ప్రశ్నలను ఏర్పరచిరి.

మొదటి ప్రశ్న: ఈ బొమ్మలో ఏమి జరుగుచున్నది? రెండవ ప్రశ్న: ఏమి చూచి నీవు ఆ మాట అనుచున్నావు? మూడవ ప్రశ్న: ఇంకను ఏమి కనబడుచున్నది?

పద్ధతి అంతయు ఇంతియే. మొదటి ప్రశ్న పిల్లవానికి నోరు తెరచు ధైర్యమునిచ్చును, ఏలయనగా దానికి ఒకే జవాబు ఉండదు. మూడవది తొందరపడి చూపు మరల్చుకొనకుండ ఆపును. కాని ప్రాణమంతయు రెండవ ప్రశ్నలో నున్నది. ఆ ప్రశ్న వినగానే పిల్లవాడు మరల బొమ్మవైపు తిరుగవలెను, తన మాటకు ఆధారము వెదకవలెను, "ఎందుకంటే" అని మొదలు పెట్టవలెను. ఈ "ఎందుకంటే" అనునదే ఆలోచనకు మొలక. వ్రాతకును అదియే మొలక.

1993 మొదలు 1998 వరకు మిన్నెసోటా రాష్ట్రమందలి బైరన్ అను చిన్న పట్టణపు పాఠశాలలో హౌసెన్ ఐదేండ్లపాటు ఈ పద్ధతిని పరిశీలించెను. బొమ్మలను గూర్చి ఆధారసహితముగ మాటలాడ నేర్చిన పిల్లలు, బొమ్మ కాని ఇతర వస్తువులను చూపినపుడును అదే విధముగ ఆధారము చూపి మాటలాడుచుండిరని ఆమె ప్రకటించెను. ఆ తరువాత వైద్య కళాశాలలకు కూడ ఈ పద్ధతి ప్రాకినది. చిత్రములను నిదానముగ చూచు శిక్షణ పొందిన వైద్య విద్యార్థులు రోగిని మరింత సూక్ష్మముగ పరిశీలింపగలిగిరని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్యులు 2008లో ఒక పరిశోధనను ప్రకటించిరి. పెద్ద వైద్యునికి పనికివచ్చిన చూపు, రేపు పంట తెగులును గుర్తింపవలసిన రైతు బిడ్డకు పనికిరాకపోవునా?

కొల్లేటి బొమ్మ – ఒక ఉదాహరణము

తరగతిలో ఇది ఎట్లు జరుగునో ఊహించి చూతము. కొల్లేటి లంక గ్రామమందలి ఒక పాఠశాల అనుకొందము. ఉపాధ్యాయుడు గోడకు ఒక పెద్ద ఛాయాచిత్రమును తగిలించెను. అందు నీటిపైన ఒక తాటిదోనె కలదు. ఒక మనిషి నిలువబడి గెడ వేయుచున్నాడు. దోనెలో వల కుప్పగా పడియున్నది. దూరమున ఒక మోడుమీద పక్షులు వ్రాలియున్నవి. ఉపాధ్యాయుడు మొదట ఏమియు చెప్పడు. ఒక నిమిషము మాటలాడక చూడుమనును. పిమ్మట మొదటి ప్రశ్న వేయును.

"ఆయన చేపలు పట్టడానికి వెళ్తన్నాడండి" అని ఒక బాలుడు అనును.

"ఏం చూసి అలా అన్నావు?"

"దోనెలో వల ఉందండి."

వెంటనే వెనుకనుండి ఒక బాలిక లేచును. "కాదండి, ఇంటికి వచ్చేస్తన్నాడండి. వల తడిసి ఉంది. వెళ్ళేటప్పుడు వల పొడిగా ఉంటుంది గదండి."

ఉపాధ్యాయుడు ఎవరిది ఒప్పో చెప్పడు. వ్రేలితో వలను చూపి, "వల తడిగా ఉన్నది కాబట్టి వేట ముగిసిందని ఈమె ఊహ. వల ఉన్నది కాబట్టి వేటకు వెళ్తున్నాడని అతని ఊహ. ఇంకా ఏం కనబడుతోంది?" అనును. మూడవ పిల్లవాడు మనిషి నీడ పొడుగుగా నున్నదని చూపును. అట్లయినచో అది ప్రొద్దున్న వేళయో సాయంకాలమో కావలెను. నాలుగవవాడు దోనెలో చేపలు కనబడుటలేదనును. చేపలు బుట్టలో ఉండవచ్చునని ఐదవవాడు అనును. పక్షులు మోడుమీద ఏల కూర్చున్నవని మరియొక చర్చ మొదలగును.

ఈ ఇరువది నిమిషములలో పిల్లలు ఏమి నేర్చిరో గమనింపవలెను. కంటికి కనబడునది వేరనియు, దానిని బట్టి ఊహించునది వేరనియు నేర్చిరి. ఒకే ఆధారమునుండి ఇరువురు రెండు విధముల ఊహింపవచ్చునని నేర్చిరి. క్రొత్త ఆధారము దొరకినపుడు తన మాటను మార్చుకొనుట అవమానము కాదని నేర్చిరి. ఎదుటివాని మాట పూర్తిగ వినిన పిమ్మటనే కాదనవలెనని నేర్చిరి. ఈ నాలుగింటిలో ఒక్కటియు వల్లించిన పాఠమునుండి వచ్చునది కాదు.

ఉపాధ్యాయుని పని కూడ గమనింపదగినది. పిల్లవాడు తన ఇంటి మాటలో చెప్పినదానిని ఆయన తప్పుపట్టలేదు. అదే భావమును నిండు వాక్యముగ మరల పలికి వినిపించెను. "వేట ముగిసినది", "ఊహ", "ఆధారము" వంటి మాటలు ఆ విధముగ పిల్లవాని చెవిని పడినవి. ఇంటిలో మొట్టమొదట బడికి వచ్చిన తరము పిల్లలకు ఇది గొప్ప మేలు. తన మాటకు విలువ కలదని తెలిసినవాడే పుస్తకపు మాటను ఇష్టముతో నేర్చుకొనును.

మాటనుండి వ్రాతకు

చర్చ ముగిసిన వెంటనే, మాటల వేడి చల్లారక ముందే, వ్రాతకు కూర్చుండబెట్టవలెను. మొదటి నెలలో రెండు వాక్యములు చాలును. ఒకటి తాను అనుకొన్నది, రెండవది దానికి ఆధారము. "ఆయన ఇంటికి వస్తున్నాడని నేను అనుకుంటున్నాను. ఎందుకంటే వల తడిగా ఉంది." ఇంతియే. అక్షర దోషములున్నను ఆ దినమున ఎఱ్ఱ సిరాతో గీతలు గీయరాదు. దోషములను మరునాడు వేరుగా దిద్దవచ్చును.

రెండవ నెలలో మూడవ వాక్యమును చేర్చవలెను: "కాని మా స్నేహితుడు మరొకలాగ అనుకున్నాడు." నాలుగవ వాక్యము, అతని ఆధారము. ఐదవ వాక్యము, ఇరువురి మాట విన్న తరువాత తాను తేల్చుకొన్నది. ఈ ఐదు వాక్యములను వరుసగ పెట్టినచో ఒక చక్కని పేరా ఏర్పడినది. పెద్ద తరగతులలో వ్యాసమనబడునది ఇంతకంటె వేరు కాదు. ఒక అభిప్రాయము, దానికి కారణము, ఎదుటివారి అభిప్రాయము, దాని బలాబలములు, తుదకు నిర్ణయము. కళాశాలలో గూడ దీనికై తడబడువారు కలరు. ఆ మెట్టును ఐదవ తరగతిలోనే ఎక్కింపవచ్చును.

ఇంకను అక్షరములు కుదురని చిన్నపిల్లల విషయములో, వారు చెప్పిన వాక్యమును ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వారి మాటలలోనే వ్రాసి చదివింపవలెను. తాను పలికిన మాట తన కన్నుల ఎదుట అక్షరముగ మారుట చూచిన పిల్లవానికి చదువుమీద కలుగు ఆసక్తి వేరు.

మన ప్రాంతమందే దొరకు బొమ్మలు

ఇట్టి చర్చకు విదేశపు చిత్రములు అవసరము లేదు. మన ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతములందే కావలసినంత సామగ్రి కలదు.

కామవరపుకోట సమీపమందలి గుంటుపల్లి కొండమీద రెండు వేల ఏండ్లకు పైబడిన బౌద్ధ గుహలున్నవి. అచ్చట కొండను తొలిచి నిర్మించిన గుండ్రని చైత్యము లోపల నిలువబడి పైకి చూచినచో, రాతి కప్పుమీద వాసములు కనబడును. పాకకు వేయు కఱ్ఱ వాసముల వలెనే రాతిని చెక్కినారు. ఈ దృశ్యమును పిల్లలకు చూపి "ఇచ్చట ఏమి కనబడుచున్నది?" అని అడుగవలెను. ఎవడో ఒకడు "మా తాతగారి పాక లాగ ఉంది" అనును. "ఏమి చూచి?" అన్నచో వాసములను చూపును. అప్పుడు పిల్లలలోనే ఒక ప్రశ్న పుట్టును: కొండకు వాసములు ఎందుకు? అవి లేకున్నను రాతి కప్పు పడిపోదు గదా! తొలుత కట్టడములు కఱ్ఱతో కట్టబడుచుండెననియు, ఆ అలవాటు చొప్పుననే శిల్పులు రాతిలోను కఱ్ఱ రూపమును చెక్కిరనియు చరిత్రకారులు చెప్పుచున్నారు. ఆ సంగతిని మనము ముందే చెప్పినచో అది ఒక పాఠము. పిల్లలు ప్రశ్న వేసిన పిమ్మట చెప్పినచో అది వారు కనుగొన్న సంగతి. ఏలూరునుండి గాని తాడేపల్లిగూడెమునుండి గాని ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగి రావచ్చును.

ఏలూరు తివాచీలు తరతరములుగ పేరుపొందినవి. ఉన్ని దారమును చేతితో ముడివేసి నేయు ఈ తివాచీలో కథ లేదు, మనుష్యులు లేరు. అట్టిదానిని గూర్చి వ్రాయుట మరియొక విధమైన అభ్యాసము. అంచునుండి నడిమికి చూచుచు రావలెనా, నడిమినుండి అంచునకు పోవలెనా? ఏ రంగు ఎన్ని పర్యాయములు వచ్చినది? ఒక పూవు ఎచ్చట తిరిగి కనబడుచున్నది? తివాచీని చూడని మనిషికి అర్థమగునట్లు వ్రాయుమన్నచో, పిల్లవాడు వర్ణనలో వరుస పాటించుట నేర్చుకొనును. ఒక నేతపనివానిని పాఠశాలకు ఆహ్వానించి, ఆయన ఎదుటనే ఆ వర్ణనలు చదివింపవచ్చును. తప్పిన చోట ఆయనయే దిద్దును.

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు ప్రసిద్ధి. ఆ మార్కెట్టు ఛాయాచిత్రము ఒకటి చాలును. గోనెలు, కాటా, లారీలు, ముఠా కూలీలు, బేరమాడువారు. ఎవరు అమ్మువారు, ఎవరు కొనువారు, ఏమి చూచి చెప్పగలము అని అడిగినచో ఒక గంట చర్చకు అది సరిపోవును.

కొల్లేరు చిత్రములు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపవచ్చును. ఒకటి నీరు నిండిన వర్షాకాలపు చిత్రము, రెండవది నీరు తగ్గిన వేసవి చిత్రము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. 1999లో కొల్లేరు వన్యప్రాణి రక్షణ కేంద్రముగ ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగ రామ్సార్ జాబితాలో చేరినది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున తొలగింపబడినవి. ఈ విషయములపై పెద్దలలో భేదాభిప్రాయములున్నవి; బ్రతుకు తెరువు ఒక వైపు, సరస్సు రక్షణ ఒక వైపు. పిల్లలను ఆ వివాదములోనికి దింపనక్కర లేదు. కాని రెండు చిత్రములను చూచి, మారినదేమి, మారనిదేమి, ఏమి చూచి చెప్పుచున్నామని మాటలాడ నేర్చిన పిల్లలు, పెద్దవారైన పిమ్మట ఆ వివాదమును మనకంటె నెమ్మదిగ తీర్చుకొనగలరు. ఆటపాకలో గుంపులుగ చేరు గూడబాతుల చిత్రము కూడ పిల్లలకు మిక్కిలి ప్రీతికరము.

చూచుట వలన వ్రాత వికసించునని నిరూపించిన మహనీయుడు మన సమీపముననే పుట్టినాడు. భీమవరము ప్రాంతమువాడైన అడివి బాపిరాజుగారు 1895లో జన్మించిరి. వారు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో చదువుకొనుచుండిన రోజులలో అచ్చట ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగ నుండెను. ఆయన స్వయముగ చిత్రకారుడు, రచయిత. విద్యార్థులలో కళాభిరుచి కనబడినచో చేరదీసి ప్రోత్సహించెడివాడు. ఆయన ప్రోత్సాహము పొందినవారిలో దామెర్ల రామారావు ఆంధ్ర చిత్రకళకు వెలుగు తెచ్చి, 1925లో ఇరువది యేడేండ్ల వయస్సుననే మరణించెను. బాపిరాజుగారు చిత్రకారులును, నవలాకారులును అయిరి. వారి "నారాయణరావు" నవల, విశ్వనాథ సత్యనారాయణగారి "వేయిపడగలు"తోపాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. రంగును చూచు కన్ను గల గురువు దొరకుట వలన ఒకే తరగతి గదులనుండి చిత్రకారులును రచయితలును బయలుదేరిరి. దామెర్ల చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమందలి ఆయన స్మారక చిత్రశాలలో చూడవచ్చును. తాడేపల్లిగూడెమునుండి రైలులో పోయి రావచ్చును.

పెద్దలలో పలువురకు "చందమామ" మాసపత్రిక జ్ఞాపకముండును. 1947 జూలైలో ప్రారంభమైన ఆ పత్రిక ఇప్పుడు వెలువడుటలేదు. అందులో రెండు ఛాయాచిత్రములను ప్రకటించి, రెండింటికిని జోడు కుదురునట్లు వ్యాఖ్యలు వ్రాసి పంపుమని దశాబ్దములపాటు పోటీ జరిపిరి. కార్డుమీద ఆ చిన్న వ్యాఖ్య వ్రాయుటకై ఎందరు పిల్లలు ఆ చిత్రములను మరల మరల చూచిరో! పాత సంచికలు గ్రంథాలయములో నున్నచో ఆ పుటలను నేడును వాడుకొనవచ్చును.

కొన్ని సందేహములు

"పాఠ్యప్రణాళిక పూర్తి కాకపోవును" అని కొందరు అందురు. వారమునకు ఒక్కసారి, ముప్పది నిమిషములు మాత్రమే ఇది అవసరము. ఆ సమయమును తెలుగు పీరియడునందే చూచుకొనవచ్చును, ఏలయనగా ఇది తెలుగు పాఠమే.

"మా ఉపాధ్యాయునికి చిత్రకళ తెలియదు" అని మరికొందరు అందురు. తెలియనవసరము లేదు. ఆయన చేయవలసినది చెప్పుట కాదు, అడుగుట. చిత్రకారుని పేరు, కాలము ముందుగ చెప్పినచో పిల్లల నోళ్ళు మూతపడును. ఆ వివరములను చివరకు చెప్పవచ్చును.

"పిల్లలు తప్పు చెప్పినచో?" ఆధారము చూపలేని మాట తనంతట తానే నిలువదు. "ఏమి చూచి?" అని అడుగగనే తోటి పిల్లలే దానిని సరిచేయుదురు. అయినను వాస్తవ విషయము, అనగా పక్షి పేరో గుహ కాలమో, తప్పుగ మిగిలినచో చర్చాంతమున ఉపాధ్యాయుడు స్పష్టముగ చెప్పవలెను.

ఎట్టి బొమ్మ కావలెనన్న ప్రశ్న ముఖ్యమైనది. చివరి వరుసలోని పిల్లవానికి కనబడునంత పెద్దదిగ నుండవలెను. అందు ఏదో ఒకటి జరుగుచుండవలెను. పిల్లలకు సగము తెలిసినది, సగము తెలియనిది అయి యుండవలెను. పార్టీల ప్రచార చిత్రములు, ఏ కులమునైనను మతమునైనను నొప్పించునవి, భయపెట్టునవి పనికిరావు.

ఎప్పుడును ఐదారుగురు చురుకైన పిల్లలే మాటలాడుచుందురు. మూల కూర్చున్న బాలిక నోరు తెరచువరకు ఉపాధ్యాయుడు ఓపిక పట్టవలెను. పిల్లలను ఇద్దరిద్దరుగ జతచేసి, ముందు ఒకరితో ఒకరు చెప్పుకొనుమన్నచో బిడియము తగ్గును.

పంచాయతీ చేయదగిన పనులు

దీనికి పెద్ద నిధి అక్కరలేదు. మేము సూచించునవి ఇవి.

మొదటిది, ప్రధానోపాధ్యాయునితో సంప్రదించుట. ఇది ఆజ్ఞగ పోరాదు; ఇంకొక రిజిస్టరుగ అసలే మారరాదు. ఇష్టపడిన ఒక్క ఉపాధ్యాయునితో, ఒక్క తరగతితో ప్రారంభించిన చాలును.

రెండవది, బొమ్మల సేకరణ. ఇరువది ముప్పది పెద్ద చిత్రములను అచ్చు వేయించి, అట్టకు అంటించి, పాఠశాలలో ఒక పెట్టెలో నుంచవచ్చును. పాత క్యాలెండర్లు, పత్రికల ముఖచిత్రములు, ఊరి పాత ఛాయాచిత్రములు కూడ పనికివచ్చును. పెద్ద తెర అమర్చిన పాఠశాలలో అచ్చు ఖర్చు కూడ లేదు. ప్రక్క ఊరితో పెట్టెలను మార్చుకొన్నచో సామగ్రి రెట్టింపగును.

మూడవది, గ్రంథాలయము. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయుచున్నది మన పంచాయతీయే. కావున శాఖా గ్రంథాలయములో బొమ్మల పుస్తకములు, పిల్లల పత్రికలు ఉన్నవో లేవో విచారించుటకు మనకు పూర్తి హక్కు కలదు.

నాలుగవది, ఏడాదికొక విహారము. గుంటుపల్లికి గాని, ఆటపాకకు గాని, రాజమహేంద్రవరము చిత్రశాలకు గాని పిల్లలను పంపుట. తిరిగి వచ్చిన తరువాత ప్రతి విద్యార్థియు ఒక పుట వ్రాయవలెను.

ఐదవది, పంచాయతీ కార్యాలయపు గోడ. పిల్లల వ్రాతలను నెలకొకసారి అచ్చట అంటింపవలెను. పని మీద వచ్చిన తల్లిదండ్రులు తమ బిడ్డ వ్రాసినది చదువుదురు. చదువు రానివారు చదివించుకొందురు. అందమైన దస్తూరికి కాక, మంచి ఆధారము చూపిన వ్రాతకు మెప్పు కలుగవలెను.

ఆరు నెలల తరువాత ఫలితమును తెలిసికొనుట కష్టము కాదు. మొదటి వారపు వ్రాతను దాచి, ఇరువదవ వారపు వ్రాత ప్రక్కన పెట్టి చూడవలెను. వాక్యముల సంఖ్య పెరిగినదా? "ఎందుకంటే" అనుమాట ఎన్నిసార్లు వచ్చినది? తోటివారి మాటను ప్రస్తావించినాడా? సభ్యులే చదివి తేల్చుకొనవచ్చును.

ఇందు పణముగ నున్నది ఒక్క పరీక్ష మార్కు కాదు. నేటి పిల్లలు చేతి ఫోనులో దినమునకు వందల బొమ్మలను చూచుచున్నారు. అందు నిజమైనవి కలవు, కల్పించినవి కలవు. ఒక అబద్ధపు చిత్రము గంటలో ఊరంతయు తిరిగి, రెండు వీధుల మధ్య పగ పెట్టగలదు. "ఏమి చూచి ఆ మాట అనుచున్నారు?" అని అడుగువారు ఊరిలో పదిమంది యున్నచో ఆ పుకారు అచ్చటనే ఆగును. గ్రామసభలోను అంతే. కాలువ పూడినదనియు, గట్టు బలహీనపడినదనియు, లెక్క సరిపోలేదనియు చెప్పు పౌరుడు ఆధారము చూపి చెప్పినచో అధికారి వినక తప్పదు. అర్జీ వ్రాయుటకు ఇతరుల వద్దకు పరుగెత్తవలసిన అవసరము అతనికి ఉండదు.

అట్టి పౌరుని తయారుచేయుటకు ఇరువదేండ్లు పట్టును. అందుచేత పని ఈ విద్యా సంవత్సరముననే మొదలు కావలెను. వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చనీయాంశముగ చేర్చి, ఒక పాఠశాలను, ఒక ఉపాధ్యాయుని, ఒక బొమ్మను ఎంచుకొనవలెనని సభ్యులను కోరుచున్నాము.